పచ్చిక కింది మూత

మూత దొరకగానే కార్లిస్ చేసిన మొదటి పని, దాన్ని మళ్ళీ కప్పెట్టడం.

పొద్దుటి నుంచీ పొడుగాటి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంటి ముందు లాన్‌లో మోకాళ్ళ మీద పాకుతోంది. జానెడు దూరానికోసారి గడ్డిలోకి పొడవడం, పీకడం, ముందుకు జరగడం. పొడిచిన చోటల్లా స్క్రూడ్రైవర్ మెత్తగా మట్టిలోకి దిగిపోతోంది. మేపుల్ చెట్టుకీ కాలిబాటకీ మధ్య ఒక్కచోట మాత్రం టక్కుమంది. చాకుతో గడ్డిని చుట్టూ కోసి, చెక్కలాగా పైకి లేపితే, అరచేతి వెడల్పున పాత ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత కనబడింది. దాని కింద, మనిషి ఛాతీ లోతున, లాన్ తడిపే స్ప్రింక్లర్లన్నిటికీ నీళ్ళు వదిలే పెద్ద వాల్వు ఉంటుంది. దాన్ని ఇవాళ కట్టేయాలి. రాత్రికి చలి బిగుస్తుందని రేడియోలో నిన్నటి నుంచీ ఒకటే గోల. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయంటే అవి నిలువునా పగులుతాయి, వసంతంలో లాన్ మొత్తం తవ్విపోసుకోవలసి వస్తుంది. ఈ పొకటెల్లో ఊళ్ళో సొంతిల్లున్న ప్రతివాళ్ళకీ అక్టోబరులో ఉండే బెంగే ఇది.

మరి అంత కష్టపడ్డాక మూత దొరికితే ఎగిరి గంతెయ్యాలా, వద్దా? కార్లిస్ గంతెయ్యలేదు. కాసేపు ఆ మూత వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత గడ్డిచెక్కని తీసి ఉన్నచోటే పెట్టి, అరచేత్తో అదిమి, అంచులు కనబడకుండా మట్టి పూసింది. లేచి మోకాళ్ళు దులుపుకుని లోపలికెళ్ళి ఫోను తీసింది.

"అత్తయ్యా, నేను, కార్లిస్‌ని. ఏం లేదు, ఆ నీళ్ళ వాల్వు మూత ఎక్కడుందో తెలియట్లేదు. రాత్రికి గడ్డకట్టే చలంటున్నారు."

"వెతికావా?" అంది వెర్లీన్.

"అంతా వెతికాను."

"నీ వెతుకుడు నాకు తెలీదూ! ఫ్రిజ్‌లో కళ్ళెదురుగా ఉన్న వెన్న కనబడదు నీకు. ఉండు, పైపుల్ని పసిగట్టే నా తీగలు పట్టుకుని వస్తున్నా."

కార్లిస్ ఫోను పెట్టేసింది. చెప్పింది పచ్చి అబద్ధం. ఏం చేస్తుంది మరి? ఊరికే రమ్మని పిలిచే ధైర్యం లేక, అబద్ధం అడ్డం పెట్టుకుని పిలిచింది.

అసలు సంగతేమిటంటే, వెర్లీన్ ఇప్పుడు కార్లిస్‌కి అత్తగారు కాదు. వసంతంలో డారెల్‌కీ కార్లిస్‌కీ విడాకులైపోయాయి. అరుపులు లేవు, విసురుకోడాలు లేవు, ఇద్దరూ పెద్దమనుషుల్లా సంతకాలు పెట్టారు. ఇల్లు కార్లిస్‌కి మిగిలింది. పడవా, దాన్ని లాగే బండీ డారెల్‌తో వెళ్ళాయి. గ్యారేజీలో పనిముట్లు చెరిసగం. మనుషుల్ని పంచడానికి మాత్రం లాయరు అక్కర్లేదు కదా, ఎవరి రక్తం వాళ్ళ వెంట పోతుంది. అలా వెర్లీన్ కొడుకు వాటాలోకి వెళ్ళిపోయింది. నీకిష్టమేనా అని ఆవిడనెవరూ అడగలేదు.

కార్లిస్‌కి చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి లారీ తోలుతూ ఏడాదికోసారి కనబడేవాడు. గుడ్డు ఉడకబెట్టడం కూడా రాని పిల్ల కోడలై వస్తే, వెర్లీన్ పక్కన నిలబెట్టుకుని, తిడుతూ తిడుతూనే వంట నేర్పింది, కుట్టు నేర్పింది, కారు టైరు మార్చడం నేర్పింది. "ఎలాంటిదాన్ని నా మొహాన కట్టబెట్టావయ్యా దేవుడా" అని రోజుకోసారి ఇంటి కప్పు వంక చూసేది. కడుపు నిలవక కార్లిస్ ఆస్పత్రిలో పడున్నప్పుడు, మంచం పక్క కుర్చీలో కూర్చుని రాత్రిళ్ళు తెల్లవార్లూ చెయ్యి పట్టుకున్నది ఆవిడే. డారెల్ చెడ్డవాడేం కాదు. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే చూడలేక బయటికెళ్ళి కారు తుడుచుకునే రకం.

పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే వెర్లీన్ నానమ్మ హోదాలో దర్జాగా వచ్చి పోయేది. ఇప్పుడా వంకా లేదు. దానికి తోడు డారెల్ ఇప్పుడు ట్రీనా అనే ఆవిడతో ఉంటున్నాడు. "కొన్నాళ్ళు ఆ ఇంటి వైపు వెళ్ళకమ్మా, ట్రీనా నొచ్చుకుంటుంది" అని తల్లితో అన్నాడట. ఆ మాట ఆ నోటా ఈ నోటా కార్లిస్ చెవిన పడింది. రాకపోతే మానె అని కార్లిస్ బిగుసుకు కూర్చుంది. వెర్లీన్ కూడా ఫోను చెయ్యలేదు. మొన్న సెప్టెంబరులో కిరాణా దుకాణంలో ఎదురుపడ్డారు. తోపుడు బండ్లు రెండూ మధ్యన అడ్డం పెట్టుకుని, ఈ ఏడు బంగాళాదుంపలు చిన్నగా ఉన్నాయని ముక్కూ మొహం తెలియనివాళ్ళలా మాట్లాడుకుని, సరే మరి అంటే సరే మరి అనుకుని వెళ్ళిపోయారు. కార్లిస్ కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. మొగుడు పెట్టె సర్దుకుని వెళ్ళిన రోజున కూడా అంత ఏడవలేదు. ఉన్న ఒక్క అమ్మా ఇలా చెయ్యి జారిపోతుందా, పోదా? ఇవాళ ఆమెకి తెలుసుకోవలసింది అది ఒక్కటే. వాల్వు వంక మాత్రమే.

వెర్లీన్ పాత పికప్ బండి వాకిట్లో ఆగింది. ముందు దుప్పటిలో చుట్టిన గిన్నె నిండా చిలీ, చిక్కుడుగింజలూ మాంసమూ కలిపి ఉడికించిన కారపు కూర, దిగింది, తర్వాత దాల్చినచెక్క బన్నుల డబ్బా, ఆ తర్వాత వెర్లీన్. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా, పోయిన మొగుడి ఉన్ని కోటు తొడుక్కుని ఉంది. కోటు జేబులోంచి రెండు తీగలు బయటికి పొడుచుకొచ్చాయి. కార్లిస్‌కి ఎదురెళ్ళి కావలించుకోవాలనిపించింది. చేతులు రాలేదు. గిన్నె అందుకుంది.

"చిక్కిపోయావేమే?" అంది వెర్లీన్ ఎగాదిగా చూసి.

"లేదత్తయ్యా."

"లేదంటే నా కళ్ళు అబద్ధం చెప్తాయా? ఆ కర్టెన్లేంటి అలా ఉన్నాయి? ఉతికి ఎన్నాళ్ళయింది?"

"వచ్చే వారం ఉతుకుతా."

"ఉతుకుతావు, ఉతుకుతావు. పద, ముందు వాల్వు సంగతి చూద్దాం."

ఆ తిట్లు వింటుంటే కార్లిస్‌కి ప్రాణం లేచొచ్చింది. నెలల తరబడి ఆ ఇంట్లో ఆమెని తిట్టినవాళ్ళు లేరు.

వెర్లీన్ తీగల గురించి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. బట్టల హాంగర్లని విరిచి మూలమట్టంలా వంచిన మామూలు తీగలే అవి. చేతికొకటి వదులుగా పట్టుకుని మెల్లగా నడుస్తుంది. కింద పైపు ఉన్నచోట రెండూ వాటంతటవే దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. నమ్మినవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు నవ్వుతారు. కానీ పైపు కనబడకపోతే నవ్వినవాళ్ళు కూడా వెర్లీన్‌కే ఫోను చేస్తారు. ఆవిడ ఇక్కడ తవ్వు అన్నచోట తవ్వితే పైపు లేకపోవడమన్నది ఇంతవరకూ జరగలేదు.

వెర్లీన్ గ్యారేజీ వైపు నుంచి మొదలుపెట్టింది. గడ్డి ఇంకా పచ్చగానే ఉంది, మీద మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి. కార్లిస్ వెనకాలే నడిచింది, పక్కన నడిచింది, నడుస్తూ వాగింది. వెర్లీన్ "ష్" అంది. గోడ పక్కనుంచి వెళ్ళింది, తపాలా పెట్టె దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది. తీగలు ఒక్కసారి కూడా ఊగలేదు. మేపుల్ చెట్టు దగ్గరికి రాగానే కార్లిస్ రెండడుగులు వెనక్కి తగ్గింది. వెర్లీన్ బూట్లు సరిగ్గా ఆ గడ్డిచెక్క మీద పడ్డాయి. తీగలు తిన్నగా ముందుకి చూస్తున్నాయి. వెర్లీన్ అలాగే దాటి వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకుంది కార్లిస్. మరుక్షణమే ఇంకో భయం పట్టుకుంది. ఊరంతా నమ్మే ఆ చేతులు పొరబడ్డాయా? అంత వయసు మీద పడిందా? ఈ కొన్ని నెలల్లోనే పడిందా, తను పక్కన లేనప్పుడు? గాలి కొండ మీంచి విసురుగా కొడుతోంది. ముసలావిడ వేళ్ళు చలికి ఎర్రబడిపోయాయి. దొరికిన మూత కోసం ఆవిణ్ణి ఈ గాలిలో తిప్పుతున్నానే అని కార్లిస్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"అత్తయ్యా, కాసేపు లోపల కూర్చోండి. చలిగా ఉంది."

"ఎవరికి చలి? నాకా? నీకు చలేస్తే నువ్వెళ్ళు."

"అది కాదు, అసలు..." అని కార్లిస్ నిజం చెప్పేయబోయింది. చెప్పేస్తే ఏమవుతుంది? వాల్వు కట్టేస్తారు, చేతులు దులుపుకుంటారు, పికప్ బండి వెళ్ళిపోతుంది. "అసలు ఆ కంచె వైపు చూడలేదు మనం" అంది.

"అవునవును, కంచె వైపు చూడలేదు" అని వెర్లీన్ ఎంతో ఉత్సాహంగా అటు నడిచింది.

అప్పుడొచ్చాడు విల్‌ఫోర్డ్. పక్కింటాయన, రిటైరై ఇంట్లో తోచక ఎవరింట్లో సుత్తి చప్పుడైనా కంచె దూకి వచ్చేస్తాడు. ఆయనకో మెటల్ డిటెక్టరు ఉంది. చెవులకి డొప్పలు తగిలించుకుని, దాన్ని చీపురులా ఊపుకుంటూ వస్తున్నాడు.

"ఆడవాళ్ళిద్దరూ పక్కకి తప్పుకోండి. పది నిమిషాల్లో తేల్చేస్తా" అన్నాడు.

"అక్కర్లేదు విల్‌ఫోర్డ్ గారూ, మీకెందుకు శ్రమ" అంది కార్లిస్.

"శ్రమేముందమ్మా, ఇత్తడి వాల్వు కదా, కుయ్యిమంటుంది" అంటూ ఆయన తిన్నగా మేపుల్ చెట్టు వైపు బయల్దేరాడు. కార్లిస్ పైప్రాణాలు పైనే పోయాయి. ఏం చెప్పి ఆపాలో తోచేలోపల, వెర్లీన్ ఆయనకి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"పోయిన ఏడు నీ పెళ్ళాం ఉంగరం వెతుకుతానని మొత్తం పెరడు తవ్వావు కదయ్యా, ఏం దొరికింది?"

విల్‌ఫోర్డ్ చెవి డొప్ప ఒకటి పక్కకి జరిపాడు. "ఏంటి?"

"ఉంగరం ఎక్కడ దొరికిందీ అని."

"చేతి తొడుగులో" అన్నాడాయన నీరసంగా.

"అదీ నీ మెషిన్ సంగతి. దాన్ని ఇక్కడ ఊపావంటే నా తీగలు చెడిపోతాయి. వెళ్ళు, ఇదిగో బన్ను, తింటూ వెళ్ళు."

"తీగలు చెడిపోతాయా! తీగలు ఎలా చెడిపోతాయి?"

"చెడిపోతాయంటే చెడిపోతాయి. నీకు చెప్పినా అర్థం కాదు."

చేతిలో బన్నుతో, చిన్నబోయిన మొహంతో ఆయన మళ్ళీ కంచె దాటాడు. కార్లిస్ నవ్వాపుకుంటూ తల దించుకుంది. కానీ లోపలెక్కడో ఒక చిన్న అనుమానం తల ఎత్తింది. విల్‌ఫోర్డ్‌ని తరిమేయాలని తనకుంది సరే. ఈవిడకెందుకుంది అంత కంగారు?

మధ్యాహ్నం ఇద్దరూ వాకిలి మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో గిన్నెలు పెట్టుకుని, చిలీలో బన్ను ముంచుకు తిన్నారు. కార్లిస్ మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంది. వెర్లీన్ తినడం మానేసి, ఆమె తినడం చూస్తూ కూర్చుంది.

"మీ మావయ్య ఈ పైపులు వేసిన రోజున ఎంత ఎండగా ఉందో తెలుసా" అంది ఉన్నట్టుండి. "పందెం కట్టినట్టు పని చేశాడు. అద్దెకి తెచ్చిన కాలువ తవ్వే మెషిను, సాయంత్రానికల్లా తిరిగిచ్చెయ్యాలి. మీరేమో కొత్త దంపతులు, గ్రాండ్ కెన్యన్ చూడ్డానికి పోయారు. మీరొచ్చేసరికి లాన్ తడిసి నిగనిగలాడాలని ఆయన పంతం. వాల్వు ఎక్కడ పెట్టాలో కొలవాలి, రెండో మనిషి లేడు. టేపు రెండో కొస పట్టుకుని నేను ఆ మేపుల్ మొక్క పక్కనే నిలబడ్డా. మొక్కంటే మొక్క కాదు, నా నడుం దాకా కూడా లేదు..."

గభాల్న ఆగిపోయింది. నాలుక కరుచుకుంది. "మేపుల్ మొక్కో మరోటో. ఎవరికి గుర్తు! ఇరవై ఏళ్ళవుతోంది" అని బన్ను ముక్క నోట్లో కుక్కుకుంది.

కార్లిస్ చెంచా చిలీలో అలాగే ఉండిపోయింది.

ఆవిడకి తెలుసు. మూత ఎక్కడుందో మొదటినుంచీ తెలుసు. ఫోనులోనే చెప్పేయచ్చు, మేపుల్ చెట్టు పక్కన తవ్వుకోవే అని రెండు ముక్కల్లో తేల్చేయచ్చు. చెప్పలేదు. గిన్నె నిండా చిలీ వండుకుని, చలిలో బండి వేసుకొచ్చి, పొద్దుటి నుంచీ ఆ చోటు తప్ప అన్ని చోట్లా వెతుకుతోంది. ఆ తీగలు పొరబడలేదు, ఆవిడ చేతులు గట్టిగా బిగించి వాటిని కదలనివ్వలేదు. కార్లిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరియం నమిలానని అబద్ధమాడి మొహం పక్కకి తిప్పుకుంది. ఎంత సంతోషంగా ఉందంటే, లేచి వీధంతా వినబడేలా అరవాలనిపించింది.

అరవలేదు. చెప్పలేదు. చెప్తే ఆట అయిపోతుంది.

"అత్తయ్యా, నాకెందుకో ఆ గులాబీల పక్కన ఉంటుందనిపిస్తోంది" అంది.

వెర్లీన్ గులాబీల వంక చూసింది. ఇంటికి ఆ చివర, నీళ్ళ మీటరుకి ఎంతో దూరంగా ఉన్నాయవి. బుర్ర ఉన్నవాడెవడూ అక్కడ వాల్వు పెట్టడు. "నాకూ అలాగే అనిపిస్తోంది" అంది ఆవిడ గంభీరంగా. "పార తీసుకురా."

గులాబీల పక్కన తవ్వారు. మట్టి తప్ప మరేం లేదు. "ఇంకొంచెం ఎడమకి" అంది వెర్లీన్. ఎడమకి తవ్వారు. అక్కడా లేదు. "అయితే మెట్ల పక్కన" అంది కార్లిస్. తవ్వుతూ తవ్వుతూ కబుర్లలో పడ్డారు. విల్‌ఫోర్డ్ పెళ్ళాం కొత్త పళ్ళసెట్టు గురించి, చర్చిలో పియానో వాయించే ఆవిడ పాట పూర్తి కాకముందే పేజీ తిప్పేయడం గురించి, కార్లిస్ ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరు గురించి. "వాడు నిన్నలా అంటే ఊరుకున్నావా? నా దగ్గరైతే తెలిసేది" అని వెర్లీన్ పార గుచ్చి నిలబడింది. కార్లిస్ పగలబడి నవ్వింది. కంచె అవతల నుంచి విల్‌ఫోర్డ్ పాడైపోతున్న లాన్ వంక జాలిగా చూస్తున్నాడు. పచ్చగా నున్నగా ఉన్న గడ్డిలో వరసగా గుంతలు పడుతున్నాయి. ఎవరైనా చూస్తే పందికొక్కులు పడ్డాయనుకోవాలి.

పొద్దు వాలడం మొదలైంది. నీడలు వీధికి అడ్డంగా పరుచుకున్నాయి. ఊపిరి వదిలితే నోట్లోంచి పొగలొస్తున్నాయి. మాటలు తగ్గాయి. వెర్లీన్ ఆకాశం వంక చూసింది, కార్లిస్ వెర్లీన్ వంక చూసింది. ఇక ఎంతోసేపు సాగదని ఇద్దరికీ తెలుసు. వాల్వు కట్టక తప్పదు. కట్టాక? ఆవిడ తీగలు జేబులో పెట్టుకుని, ఖాళీ గిన్నె పట్టుకుని, "సరే మరి" అంటుంది. కిరాణా దుకాణంలో అన్నట్టే అంటుంది. ఇవాళ ఒక వంక దొరికింది, రేపటికి ఎక్కణ్ణించి తేవాలి? పైపులు ఏడాదికోసారే కదా గడ్డకట్టేది. కార్లిస్ పార పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడే వాకిట్లో ఇంకో బండి ఆగింది. డారెల్ దిగాడు. చేతిలో మనిషంత పొడుగున్న ఇనుప తాళంచెవి ఉంది, వాల్వు తిప్పేది. చలి వార్త విన్నాడు, కార్లిస్‌కి మూత ఎక్కడుందో తెలియదని గుర్తొచ్చింది, ఉండబట్టలేక వచ్చాడు. వస్తూనే తల్లి పికప్ బండిని చూసి ఆగాడు, తల్లిని చూశాడు, గుంతల్ని చూశాడు.

"అమ్మా, నువ్విక్కడేంటి?"

"వాల్వు దొరకలేదంటే వచ్చా" అంది వెర్లీన్.

"దొరకలేదా?" డారెల్ అయోమయంగా ఇద్దరి వంకా చూసి, తిన్నగా మేపుల్ చెట్టు దగ్గరికి నడిచాడు. బూటు మొనతో గడ్డిని తడిమాడు. గడ్డిచెక్క డబ్బా మూతలా లేచొచ్చింది. వంగి దాని అంచు చూశాడు, చాకుతో కోసిన అంచు. "ఇది ముందే ఎవరో కోసి పెట్టారే! కార్లిస్, నీకు దొరికిందిగా?"

కార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడింది. వెర్లీన్ మెల్లగా తల తిప్పి ఆమెని చూసింది. ఆ చూపుకి కార్లిస్ తల వాలిపోయింది.

"అయినా అమ్మా, దీన్ని పెట్టింది నువ్వూ నాన్నా కదా. నీకు తెలియకపోవడమేంటి?" అన్నాడు డారెల్.

ఇప్పుడు కార్లిస్ తల ఎత్తింది. ఈసారి వెర్లీన్ తల దించుకుంది. ముసలావిడ చెంపలు కూడా ఎర్రబడ్డాయి, అది చలికో మరిదేనికో.

"అమ్మకీ తెలుసు, నీకూ తెలుసు. మరి పొద్దుటి నుంచీ ఇద్దరూ ఏం వెతుకుతున్నారు?"

వాళ్ళిద్దరి మొహాలూ చూశాడు. డారెల్‌కి మెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక మొహంలో ఏదో గట్టిపడింది. "అమ్మా, నేను చెప్పాను కదా. కొన్నాళ్ళు వద్దని. ట్రీనా ఎంత బాధపడుతుందో నీకు..."

"చెప్పావు" అంది వెర్లీన్. "విన్నాను కూడా. వసంతం అంతా విన్నాను, వేసవి అంతా విన్నాను. ట్రీనా మంచి పిల్లే, కాదనను. రమ్మంటే వస్తా, ఆ పిల్లకి జ్వరమొస్తే గంజి కాచి పెడతా. కానీ వాల్వు వెతికే మిష మీద దొంగలా రావలసిన గతి పట్టించావు చూడు, అది బాగాలేదురా." ఆవిడ కార్లిస్ వైపు వేలు చూపించింది. "ఇది కిరాణా దుకాణంలో నన్ను చూసి, బంగాళాదుంపల గురించి మాట్లాడింది. నాతో! నేను ఇంటికెళ్ళి కోటు కూడా విప్పకుండా సాయంత్రం దాకా అలాగే కూర్చున్నా. విడాకులిచ్చింది నువ్వు. నేనివ్వలేదు. నన్నడిగి ఇచ్చావా?"

డారెల్ ఇనుప తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఎప్పటిలాగే ఎటైనా వెళ్ళిపోదామన్నట్టు వీధి వంక చూశాడు, తుడవడానికి బండి కూడా ఉందక్కడ. వెళ్ళలేదు. "ట్రీనాకి నేను చెప్తానమ్మా" అన్నాడు.

"చెప్పు. నెమ్మదిగా చెప్పు, బాధపెట్టకుండా."

డారెల్ తల ఊపి, మూత తీసి, తాళంచెవిని దాని కింది గొట్టంలోకి దించబోయి, ఆగి కార్లిస్ చేతికిచ్చాడు. "కిందకి తగిలాక కుడివైపుకి తిప్పు. గట్టిగా" అన్నాడు. కార్లిస్ తిప్పింది. మొదట కదలలేదు. వెర్లీన్ వచ్చి తను కూడా పిడి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బలమంతా పెడితే మెల్లగా తిరిగింది. భూమి లోపల పైపుల్లో ఉన్న నీళ్ళు వాల్వు అడుగున పోసిన గులకరాళ్ళలోకి జారిపోతున్న చప్పుడు గుడగుడమంటూ వినబడింది.

"అత్తయ్యా" అంది కార్లిస్. ఇంకా ఏదో చెప్పాలని ఉంది. అబద్ధమాడినందుకు క్షమించమనాలని, ఫోను చెయ్యనందుకు తిట్టమనాలని. పిడి మీద ఆవిడ చేతుల మీద తల పెట్టి ఏడ్చేసింది.

"సరే సరే, ఏడువు" అంది వెర్లీన్, ఆమె జుట్టు చెవి వెనక్కి దోపుతూ. ఆవిడ కళ్ళ నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

డారెల్ కాసేపు వాళ్ళ పక్కన ఊరికే నిలబడ్డాడు. తర్వాత పార తీసుకుని గులాబీల దగ్గరికి వెళ్ళి, గుంతలు పూడ్చడం మొదలుపెట్టాడు. అన్నీ పూడ్చేసరికి వెలుతురు బాగా తగ్గింది. బండి ఎక్కబోతూ తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు కూడా బయల్దేరమ్మా. రోడ్డు జారుతుంది. వెనకాలే వస్తా."

"నేను రాను. ఇవాళ ఇక్కడే పడుకుంటా."

"ఇక్కడా? మళ్ళీ ఏం పనుందమ్మా?"

"పనుంటేనే ఉండాలేంట్రా?" అంది వెర్లీన్. "నా కోడలిల్లు ఇది."

ఆ మాట అని ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కార్లిస్ ఆవిడ వెనకాలే వెళ్ళి తలుపు వేసింది.